ఇరుకు దారిలో మంగ పిన్ని

ఎండాకాలంలో అడవి జంతువుల పిల్లలను కొండ అవతలి వాగుకు చేర్చే పని మంగ అనే గేదెది. ఒకరోజు ఆమె వీపు మీద నాలుగు కుందేలు పిల్లలు కూర్చున్నాయి. కొమ్ము మీద గోరువంక దారి చూస్తోంది.

ఒకవైపు కొండ, మరోవైపు లోయ. వెనక నుంచి అడవిపంది దూసుకొచ్చింది. "తప్పుకోవే మొద్దూ!" అని మంగ డొక్కలో గుద్ది, ముఖం మీద దుమ్ము కొట్టి ముందుకు పోయింది.

మంగ కాలు లోయ అంచున జారింది. పిల్లలు కెవ్వుమన్నాయి. మంగ కళ్ళు ఎర్రబడ్డాయి.

"వదలకు పిన్నీ! పది అంగల్లో దొరుకుతుంది," అంది గోరువంక.

"దొరుకుతుంది," అంది మంగ, గిట్టతో నేల గీరుతూ. "కానీ నేను పరిగెత్తితే పిల్లలు వీపు మీద నిలవరే!"

ఆమె కొండవైపు ఒదిగి నిలబడి, ఒంట్లో వణుకు తగ్గేదాకా బరువుగా ఊపిరి వదిలింది. తర్వాత మామూలుగా నడిచింది. మంగ పిన్నికి అసలు కోపమే రాదని గోరువంక ఇన్నాళ్ళూ అనుకుంది. వచ్చిన కోపాన్ని ఆపుకోవడానికి ఎంత బలం కావాలో ఆరోజే చూసింది.

వాగు దగ్గర పంది నీళ్ళు తాగుతోంది. మంగ పిల్లలను ఇసుకలో దింపి దాని దగ్గరికి వెళ్ళింది.

"నువ్వు గుద్దినప్పుడు నా వీపు మీద వీళ్ళున్నారు. చూశావా?"

పంది ఇసుకలో ఉన్న నాలుగు పిల్లలనూ చూసింది. దాని తల వాలిపోయింది. "చూడలేదమ్మా."

ఆ సాయంత్రం తిరుగుదారిలో పంది అందరికంటే వెనక, మంగ అడుగులో అడుగు వేస్తూ నడిచింది.