గౌను గౌరవం

“ఛీ ఛీ! ఇది గౌనా, అతుకుల బొంతా?”

రిటైరైన ప్రిన్సిపాల్ గారు ఆ నల్లగౌనుని, చచ్చిన ఎలుకని పట్టుకున్నట్టు, రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకున్నారు. వీపు నిండా కాగితం సీతాకోకచిలుకలు. చేతుల అంచులకి వెండిరంగు మెరుపుల పొడి. పక్కనే ఉన్న టోపీ మీద మీసాల పిల్లి బొమ్మ. జిగురు ఇంకా ఆరలేదు. ఆ వాసనకి ఆయన మొహం పక్కకి తిప్పుకున్నారు.

“నాన్నా, కాస్త మెల్లిగా. లోపల్నుంచి వింటోంది,” అంది కూతురు.

“విననీ! పట్టా పుచ్చుకునేటప్పుడు వేసుకునే బట్ట ఇది. దీనికో మర్యాద ఉంది. దాన్ని తీసుకెళ్ళి బురదలో పొర్లించినట్టు చేసింది నీ కూతురు.”

“వాళ్ళ క్లాసులో అందరూ ఎవరికి నచ్చినట్టు వాళ్ళు అలంకరించుకుంటున్నారు. టీచర్లే చేసుకోమన్నారు.”

“ముందు ఆ టీచర్లని అనాలి. నా చేతుల మీదుగా ఎంతమందికి పట్టాలిచ్చాను! ఒక్కడి గౌను మీద ఒక్క మరక ఉండేది కాదు. ఇస్త్రీ నలిగితే వరసలోంచి బయటికి పంపేసేవాణ్ణి.”

ఆ మాట నిజమే, పంపేసేవారు. అలా బయటికి నడిచినవాళ్ళు ఇప్పటికీ వీధిలో ఆయన కనిపిస్తే పక్కసందులోకి తప్పుకుంటారు. దాన్ని ఆయన గౌరవం అనుకుంటారు.

“అయినా ఇదేమంత పెద్ద చదువనండీ!” అంది భార్య వంటగదిలోంచి. “దాని సరదా దానిది. వదిలెయ్యండి.”

“చిన్న చదువు, పెద్ద చదువు అంటూ ఉండదు. స్నాతకోత్సవం అంటే స్నాతకోత్సవమే!”

కూతురు బతిమాలుకోవడానికి దిగింది. “రెండేళ్ళు కష్టపడింది నాన్నా. మొదట్లో ఇల్లు వదిలి వెళ్ళనని ఎంత ఏడ్చిందో మీకు తెలియదా? ఇప్పుడేమో పట్టా తాతయ్య చేత్తోనే తీసుకుంటానని కూర్చుంది. మీరే ముఖ్య అతిథి అని తెలిసిన దగ్గర్నుంచీ కనబడినవాళ్ళకల్లా చెప్పుకుంటోంది.”

ఆయన మొహం కాస్త మెత్తబడింది. ఉన్నదొక్కతే మనవరాలు. ఆ పిల్ల కళ్ళకి లోకంలో తనంత గొప్పవాడు లేడు. ఆ పట్టా తన చేత్తో ఇవ్వాలని ఆయనకీ ప్రాణం కొట్టుకుంటోంది. అందుకోసమే బీరువా అడుగు నుంచి పాత కోటు తీయించి, బొత్తాలు కుట్టించుకున్నారు.

అంతలో గౌను భుజం మీద రాత ఆయన కంటపడింది. తెల్లరంగుతో, వంకరటింకరగా, చేత్తో రాసింది: ‘తాతయకి’.

“యవత్తు ఏదీ?”

కూతురు గౌను అందుకోబోయింది.

“నిన్నే అడుగుతున్నాను. యవత్తు ఏదీ? పట్టా పుచ్చుకోబోయే పిల్లకి ‘తాతయ్య’ అని తప్పుల్లేకుండా రాయడం రాదా? ఇలాంటి చదువులకి పట్టాలూ, ఊరేగింపులూనా! నా మొహాన పేడ కొట్టినట్టుంది.”

“రాసినదాని ప్రేమ చూడండి నాన్నా, అక్షరాలు కాదు.”

“ప్రేమ ఉంటే యవత్తు నేర్చుకోవాలి!” అంటూ ఆయన లేచి బ్లేడు తెచ్చుకున్నారు. “ఈ చెత్త ఒక్కటి మిగిలినా నేను రాను. పట్టా ఇంకెవరి చేతనైనా ఇప్పించుకోండి.”

కూతురు లేచి లోపలికి వెళ్ళిపోయింది. లోపలి గదిలోంచి వెక్కిళ్ళు వినబడుతుంటే ఆయన ఒక్కో సీతాకోకచిలుకనీ గీకి పారేశారు. రెక్కల ముక్కలు గోళ్ళకి అంటుకున్నాయి. మెరుపుల పొడి మీసాల్లోకి ఎక్కింది. యవత్తు లేని తాతయ్యని స్పిరిట్‌లో ముంచిన గుడ్డతో తుడిచేశారు. పిల్లిబొమ్మని మీసాలతో సహా ఊడబీకారు. తర్వాత సబ్బు పెట్టి ఎంత తోముకున్నా చేతుల జిగురు వదల్లేదు. ఒంటికి ఏదో అశుద్ధం అంటినట్టు రోత పుట్టింది. గౌనుని మాత్రం తానే స్వయంగా ఇస్త్రీ చేసి, “ఇదీ గౌనంటే!” అని మురిసిపోయారు.

మర్నాడు హాల్లో అడుగుపెట్టగానే ఆయన జేబురుమాలు తీసి ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు. ఒక టోపీ మీద బొమ్మకారు. ఒక వీపు మీద రంగురంగుల ఈకలు. ఒకడి గౌను నిండా మిణుకుమిణుకుమనే దీపాలు. వేదికెక్కిన వాళ్ళలో నమస్కారం పెట్టినవాళ్ళే తక్కువ. ఒకడు పట్టా లాక్కుని పరుగు లంకించుకున్నాడు. ఇంకొకడు ఆయన ఎదురుగానే నిలబడి, గౌను చేతికి ముక్కు తుడుచుకుని, అదే చేత్తో షేక్‌హ్యాండ్ ఇవ్వబోయాడు.

“సంతలో పశువులు నయం,” అన్నారాయన చెయ్యి వెనక్కి లాక్కుంటూ. పక్కనున్న నిర్వాహకురాలు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

ఇంత కంపరంలోనూ ఆయనకి ఒక్కటే ఊరట. దూరంగా తలుపు దగ్గర, కూతురి దగ్గర, మచ్చలేని నల్లగౌను ఒక్కటి ఉంది. మొత్తం హాల్లో అదొక్కటే గౌనులా ఉంది.

మనవరాలి పేరు పిలిచారు. చప్పట్లు మోగాయి. ఆయన కోటు సర్దుకుని, పట్టాని రెండు చేతులతో పట్టుకుని వేదిక అంచు దాకా వచ్చారు. ఎవరూ రాలేదు. మళ్ళీ పిలిచారు. చప్పట్లు పలచబడ్డాయి. కూతురు అక్కడే నిలబడి ఆయన వంకే చూస్తోంది.

ఆయనే మైకు అందుకున్నారు.

“రా తల్లీ. తాతయ్యని కదా, రా,” అన్నారు. ఆ గొంతులో ప్రిన్సిపాల్ ఎక్కడా లేడు.

ఒకటో తరగతికి వెళ్ళబోతున్న ఆ పట్టభద్రురాలు అమ్మ చంక దిగలేదు.