పసుపు కార్డు

"ఈ అమ్మాయిని ఎందుకు తీసుకొచ్చారండీ?" హెడ్మాస్టరు గొంతు తగ్గించి అడిగాడు. తగ్గించినా గదిలో అందరికీ వినిపించింది.

"బడి అభివృద్ధి కమిటీలో ప్రత్యేక తరగతి పిల్లలు ఒకరుండాలని మీరే సంతకం పెట్టారు కదండీ," అంది ఆ తరగతి టీచరు.

"ఉండాలంటే పేరుండాలని! మనిషిని తెచ్చేస్తారా?"

పదిహేనేళ్ళ ఆ పిల్లను బడంతా ఉడుత అంటుంది. ఏ మాటైనా ఆ బుర్రకెక్కడానికి సమయం పడుతుంది. ఎక్కిందంటే మాత్రం దిగదు. మెళ్ళో తాడుకి పసుపు కార్డు వేలాడేసుకుని, అప్పటికే కుర్చీ లాక్కుని కూర్చుంది. ఎదురుగా పై ఆఫీసు నుంచి వచ్చిన అధికారిణి, ఆమె పక్కన తల్లిదండ్రుల తరఫున దర్జీ. వాళ్ళముందు పిల్లను లేపి పంపడం బాగుండదని హెడ్మాస్టరు కళ్ళజోడు పెట్టుకున్నాడు.

నీళ్ళ పంపు పక్కనున్న తన తరగతి గది మీద ఈయన కన్ను పడిందని టీచరుకి కొన్నాళ్ళుగా అనుమానం. ఆ గదికి ఎవరి చెయ్యీ పట్టుకోకుండా రావడం నేర్చుకోవడానికే తన పిల్లల్లో కొందరికి ఏడాది పట్టింది. ప్రణాళిక కాగితాలు తిరగేసి చూసింది గానీ, గది ఊసు ఎక్కడా దొరకలేదు.

"ఒకటి. గేటుకి కొత్త రంగు వేస్తాం," చదివాడు హెడ్మాస్టరు.

"ఏ రంగు?" అంది ఉడుత.

"నీలం."

"సరే," అని అనుమతిచ్చింది.

హెడ్మాస్టరు వేగం పెంచాడు. "రెండు. సమ్మిళిత విద్యా స్ఫూర్తితో, స్థల వనరుల హేతుబద్ధ పునర్వినియోగంలో భాగంగా, ప్రత్యేక తరగతిని సహజ వాయు ప్రసరణ గల ఆవరణకు ఉన్నతీకరించడమైనది."

అందరూ తలలూపారు. ఉడుత కార్డు ఎత్తింది.

"ఏంటమ్మా అది?"

"అర్థం కాలేదని, సార్," అంది టీచరు. "మా తరగతిలో ఆ కార్డు లేస్తే, చెప్పేవాళ్ళు చిన్న మాటల్లో మళ్ళీ చెప్పాలి. అది దిగేదాకా ముందుకెళ్ళకూడదు. నాకైనా అంతే."

"ఇది మీ తరగతి కాదండీ!"

"పర్లేదు, చెప్పండి," అంది అధికారిణి.

"అంటే... మీ తరగతిని మంచి గాలొచ్చే చోటికి మారుస్తామమ్మా."

కార్డు దిగలేదు.

"ఏ చోటని కాబోలు," అన్నాడు దర్జీ. "నాకూ అర్థం కాలేదు లెండి. అడిగితే బాగుండదని తలూపాను."

"అదే... గోడ వారగా... పైన రేకులూ అవీ ఉంటాయి..."

కార్డు ఇంకాస్త పైకి లేచింది.

హెడ్మాస్టరు నుదురు తుడుచుకున్నాడు. "సైకిల్ షెడ్డు! మీరు షెడ్డుకి. మీ గది నా ఆఫీసుకి. చాలా?"

కార్డు దిగింది.

"షెడ్డు బాగుంటుందా?" ఒక్కో మాటా ఏరుకుంటూ అడిగింది ఉడుత.

"ఓ, భేషుగ్గా ఉంటుంది! గాలి, వెలుతురు, హాయిగా..."

"అయితే నువ్వెళ్ళు."

దర్జీకి దగ్గొచ్చింది. ఎంతకీ తగ్గలేదు.

"తప్పమ్మా, పెద్దవాళ్ళని అలా అనకూడదు," అంది టీచరు.

ఉడుత ఆలోచించింది. తప్పు దిద్దుకుంది. "మీరు వెళ్ళండి."

అధికారిణి హెడ్మాస్టరు చేతిలోని కాగితం అందుకుంది. పెన్నుతో ఒకచోట కొట్టేసి, పైన ఏదో రాసి, ఆయన లాగే గొంతు సవరించుకుంది.

"సమ్మిళిత విద్యా స్ఫూర్తితో, స్థల వనరుల హేతుబద్ధ పునర్వినియోగంలో భాగంగా, ప్రధానోపాధ్యాయుల కార్యాలయాన్ని సహజ వాయు ప్రసరణ గల ఆవరణకు ఉన్నతీకరించడమైనది. సమ్మతమైతే చేతులెత్తండి."

చేతులు లేచాయి. దర్జీవి రెండూ లేచాయి.

ఉడుత హెడ్మాస్టరు మొహంలోకి చూసింది. ఆ చూపు తన తరగతిలో రోజూ చూసేదే. మెళ్ళోంచి కార్డు తీసి, బల్ల మీదుగా ఆయన ముందుకి జరిపింది.

ఆ వాక్యం రాసింది తనే అయినా, హెడ్మాస్టరు కార్డు పైకెత్తాడు.