పోయని గ్లాసు

విల్ఫ్ చనిపోయిన రోజు పబ్బులో అతని గ్లాసు పోయలేదు. షెఫీల్డ్‌లో అందరూ పబ్బు యజమాని సిరిల్‌ని అనుమానించింది అందుకే.

సిరిల్ పబ్బు ‘బ్లాక్ హ్యామర్’ ఉక్కు ఫ్యాక్టరీ గేటుకి ఎదురుగా ఉండేది. షిఫ్టు అయిపోయిందని సైరన్ మోగేలోపే అతను కొలిమి దగ్గర పనిచేసేవాళ్లందరికీ బీరు పోసి, బల్ల మీద వరసగా పెట్టేవాడు. చెమటతో పోయిన ఉప్పు తిరిగి రావాలని వాళ్లు అందులో చిటికెడు ఉప్పు వేసుకుని గటగటా తాగేవాళ్లు.

ఆ రోజు వాళ్లు ఏడుస్తూ వచ్చారు. విల్ఫ్ కరిగిన ఉక్కులో పడిపోయాడు. ఎముక కూడా దొరకదు. కొలిమి గట్టు మీద అతని టోపీ ఒక్కటే మిగిలింది.

బల్ల మీద ఒక గ్లాసు తక్కువుంది.

"కబురు తెచ్చింది మేం. నీకు ముందే ఎలా తెలుసురా?"

సిరిల్ నోరు విప్పలేదు. విల్ఫ్ భార్య ఐవీ మీద కన్నేసి, ఎవరిచేతనో తోయించాడన్నారు. మర్నాటి నుంచి ఒక్కడూ గడప తొక్కలేదు. పబ్బు మూతపడింది. ఇప్పుడక్కడ కార్లు నిలుపుకుంటున్నారు.

ముప్పై ఏళ్లకి సిరిల్ పోయాడు. శవపేటిక మోయడానికి వీధిలోవాళ్లెవరూ రాలేదు. ఆ వారమే అతని కూతురు గ్లెనిస్ ఐవీని వెతుక్కుంటూ వెళ్లింది. అప్పట్లో విల్ఫ్ చావుకి ఫ్యాక్టరీ ఇచ్చిన నష్టపరిహారం అందగానే ఐవీ ఊరొదిలి, సముద్రం పక్కన ఇల్లు కొనుక్కుంది. టామ్ అనే అతన్ని పెళ్లాడింది.

"ఆ పబ్బు చరిత్ర పుస్తకంగా వేస్తున్నారు ఆంటీ. మా నాన్న హంతకుడని అందులో రాశారు. నిజమేనా?"

"పాత సంగతులు తవ్వకు తల్లీ."

"మీకూ ఆయనకూ ఏమైనా ఉందా?"

"ఆ బట్టతలతోనా? నాకేం ఖర్మ!"

ఐవీ నవ్వింది.

"మరి ఆ గ్లాసు సంగతేంటి?"

ఇంతలో టామ్ బీరు సీసాతో వచ్చి కూర్చున్నాడు.

"పడవల మీద బతికిన మనిషి. ఫ్యాక్టరీ గొడవలు ఆయనకేం తెలీవు," అంది ఐవీ గబగబా.

"సిరిల్ పోయాడా?" అన్నాడు టామ్.

గ్లెనిస్ తలూపింది.

అతను గ్లాసు నింపుకున్నాడు. ఉప్పు డబ్బా దగ్గరకి లాక్కుని, చిటికెడు తీసి బీరులో వేసుకున్నాడు.

"ఆ రోజు పబ్బుకి రానని పొద్దున్నే మీ నాన్నకి చెప్పాను తల్లీ, అంతమాత్రాన నా గ్లాసు నిజంగానే పోయడం మానేస్తాడనుకోలేదు."