పక్క టేబుల్ ఆవిడ

గారెను జామ్‌లో ముంచి కొరికింది టీచరమ్మ.

మరుక్షణం పేపర్ నాప్‌కిన్‌లోకి ఉమ్మేసింది.

"ఓ! డోనట్ అనుకున్నాను."

ఆ నాప్‌కిన్‌ను ఉండచుట్టి పులిహోర గిన్నె పక్కనే పెట్టి వెళ్లిపోయింది.

నళిని ఆ ఉండను తీసి చెత్తబుట్టలో పడేసింది. అయినా నవ్వింది.

1982. టెక్సస్‌లోని ఆ స్కూల్లో ఏడాదికోసారి టీచర్లకు ట్రెయినింగ్ ఉంటుంది. రకరకాల జాతుల పిల్లలున్న క్లాసులో ఎవరి సంస్కృతి ఏమిటో ఎలా చెప్పాలో నేర్పుతారట. నేర్పడమంటే ఇదే. తల్లిదండ్రుల్ని పిలిచి, తలా ఓ టేబుల్ ఇచ్చి, వంటలూ బట్టలూ చూపించమనడం.

నళిని పట్టుచీర కట్టుకుని వచ్చింది కూతురు గౌరి కోసం.

గౌరికి ఏడేళ్లు. ఇంట్లో తెలుగు మాట్లాడుతుందని బడి చివరనున్న మందమతుల గదిలో కూర్చోబెట్టారు. ఎక్కాలు గడగడా అప్పజెప్పే పిల్ల, అక్కడ రోజంతా పూసలు గుచ్చుతోంది. సూపర్‌వైజర్ మిసెస్ హాలోవేను మెప్పించి, ఎలాగైనా గది మార్పించాలని నళిని ఆశ.

ఇంకో టీచర్ వచ్చింది. అడక్కుండానే నళిని బొట్టు మీద గోరు పెట్టి గీకింది.

"ఊడొస్తుందా?"

నళిని మళ్లీ నవ్వింది.

"ఎందుకు నవ్వుతావు?"

పక్క టేబుల్ దగ్గర మెక్సికన్ ముసలావిడ. ఆవిడ టేబుల్ మీద వంటా లేదు, బట్టా లేదు. నలిగిన గౌను. పొగాకు కంపు. చొరవగా చెయ్యి చాచి గారె తీసుకుంది.

"నీ పిల్ల ఏ గదిలో ఉంది?" నోటినిండా గారెతో అడిగింది.

"ఆ... చివరి గదిలో."

"అనుకున్నా. ఆఖర్న ప్రశ్నలున్నాయా అంటారు. గది మార్చమని అందరి ముందూ అడుగు. అక్కడ అడిగితే కాదనలేరు. నేను నీ పక్కన నిలబడతా."

గారె తునక పట్టుచీర మీద పడింది. నళినికి ఒళ్లంతా కంపరమెత్తింది.

తోడొచ్చిన స్నేహితురాలు ఉష గబుక్కున ఆమెను పక్కకు లాగింది.

"పిచ్చా నళినీ నీకు? వాళ్లతో మనకేంటే? ప్రతిదానికీ ఫైట్ చేస్తారు వాళ్లు. డీసెంట్‌గా ఉంటాం కాబట్టే మనకి రెస్పెక్ట్. తర్వాత హాలోవేని ప్రైవేట్‌గా రిక్వెస్ట్ చెయ్యి."

"అదే అనుకుంటున్నా. ఛీ, ఆ కంపు భరించలేకపోతున్నాను."

ఆఖర్న హాలోవే మైకు అందుకుంది.

"మన అతిథుల్లో ఎవరికైనా ప్రశ్నలున్నాయా?"

హాలంతా టీచర్లు.

ముసలావిడ లేచింది. నూనె చెయ్యి నళిని భుజం మీద వేసింది.

"ఈ తల్లికి ఒక ప్రశ్న ఉంది."

నళిని ఆ చేతిని విదిలించేసింది.

"నాకేం ప్రశ్నల్లేవు. ఈవిడెవరో నాకు తెలీదు. ఇందాకట్నుంచీ నన్ను విసిగిస్తోంది!"

ముసలావిడ ఆమె వైపు ఓసారి చూసింది. చెయ్యి గౌనుకు తుడుచుకుని, మెల్లగా తలుపు వైపు నడిచింది.

చప్పట్లు మోగాయి. ట్రెయినింగ్ ముగిసింది.

నళిని హాలోవే దగ్గరకు పరిగెత్తింది.

"మేడమ్, మా గౌరి విషయం..."

"మీ వంటలు అద్భుతం! క్లాసుల సంగతి నేను చూడనండీ. వచ్చే ఏడు మీరు డాన్స్ కూడా చెయ్యాలి!"

భుజం మీద చిన్నగా తట్టి వెళ్లిపోయింది.

నళిని గిన్నెలు సర్దుతుంటే, గౌరి క్లాస్ టీచర్ మిస్ కేరల్ దగ్గరకొచ్చింది. చుట్టూ చూసి గొంతు తగ్గించింది.

"ఎందుకు అడగలేదు మీరు? ఈ మీటింగులో తల్లి నోరు తెరిచి అడిగితే చాలు, వారంలోగా పిల్లకి మళ్లీ పరీక్ష పెట్టి తీరాలి. కోర్టు ఆర్డర్ అది. గౌరి పాసయిపోయేది. నేనే ముందొచ్చి మీకు చెప్పి ఉంటే నా ఉద్యోగం పోయేది."

"ఇప్పుడు అడుగుతాను!"

"మీటింగ్ అయిపోయింది. ఇక వచ్చే ఏడే."

నళిని కళ్లు తలుపు వైపు తిరిగాయి. అక్కడెవరూ లేరు.

"ఆవిడ... ఆవిడెవరు?"

"కొడుకు చదువు ఆ గదిలోనే బుగ్గయిపోయాక, కోర్టుకెక్కి ఆ ఆర్డర్ తెచ్చింది ఆవిడే; అడిగే తల్లి ఒంటరిగా నిలబడకూడదని ఏటా వస్తుంది."