తాళం పడ్డ తర్వాత

"అవ్వా, నీ పాట తాళం తప్పుతున్నది," అన్నాడు గుండేరావు.

గుండ్రటి పుట్టి పడవ కృష్ణా నది నడుమకు వచ్చింది. తెడ్డు వేస్తున్న హన్మంతు నవ్వు ఆపుకున్నాడు.

పల్లికాయ మూటకు ఆనుకొని కూర్చున్న ముసలామె కూనిరాగం ఆపింది.

"తప్పినట్టు ఇనొచ్చిందా పంతులూ?"

"ఇనొచ్చుడేంది? తెడ్డు పడ్డప్పుడు నోరు తెరుస్తలేవు. పడ్డంక తెరుస్తున్నవ్. పదకొండేండ్ల నుంచి సంగీతం మాటలకు అర్థాలు రాస్తున్న. నాకు తెల్వదా?"

"పాడుతవా మరి?"

"పాడను. రాస్త."

"అబ్బో! పొయ్యి ముట్టియ్యనోడు ఉప్పు తక్కువాయె అన్నట్టు."

హన్మంతు ఈసారి నవ్వు ఆపుకోలేదు.

గుండేరావు ఒళ్లోని కాగితాల కట్టను గట్టిగా పట్టుకున్నాడు. ఎనిమిది వందల మాటల నిఘంటువు. రేపు గద్వాల మాఘ సభలో దానికి పరీక్ష. అక్కడ అర్థం చదివితే ఒప్పుకోరు. ఏ మాట అడిగినా గొంతుతోనో చేత్తోనో చూపించాలి. ఒక్కటి తప్పినా పుస్తకం వెనక్కి వస్తుంది. అతని తరఫున పాడవలసిన నాగర్‌కర్నూలు గాయకుడు జ్వరంతో మంచం పట్టాడు.

మిగతా మాటలు ఎలాగో గట్టెక్కించగలడు. ఒక్క 'అనాగతం' మాత్రం లొంగలేదు. తాళం ముందు మొదలై, పాట ఆ తర్వాత అందుకోవడం. రాసింది తనే. చూపబోతే మాత్రం గొంతు తాళం మీదికే ఉరికేది.

నిశ్శబ్దమంటే అతనికి చిన్ననాటి నుంచీ భయం. ఎవరూ మాట్లాడని క్షణంలో అందరూ తన లోపాన్నే చూస్తున్నట్టుండేది. ఆ క్షణాన్ని పూడ్చడానికే ఇన్ని మాటలు పోగేశాడేమో.

"పంతులూ, తాళం పడ్డంక పాడితే, దానికి నీ కాగితాల కట్టల ఏ పేరూ లేదా?"

గుండేరావు కట్ట విప్పి 'అనాగతం' దగ్గర ఆగాడు. తను రాసిన అర్థమే ఎదురుగా కూర్చొని పాడుతుంటే, తప్పు అన్నాడు!

"అవ్వా... రేపు గద్వాల సభల ఇదే అడిగితే పాడి చూపాలె. జర నాకు నేర్పుతవా?"

"తెడ్డుకు చప్పట్లు కొట్టు. నా ఎంబడి అను. ఏటి నడుమ నిలిచితి, ఏలుకోర సామీ..."

కొట్టాడు. గొంతు దెబ్బ మీదికే ఉరికింది.

"ఎవడన్న తరుముతుండా?"

మళ్లీ కొట్టాడు. మళ్లీ ఉరికాడు.

"దెబ్బ పడనీ. ఊపిరి పట్టి నిలువు. ఆ సందు ఉత్తది కాదు పంతులూ. పాట అప్పటికే షురువైంది. నీ గొంతే ఇంక రాలే."

మూడోసారి దెబ్బ పడింది. గుండేరావు నిలిచాడు. నీళ్ల చప్పుడు విన్నాడు. అప్పుడు పాడాడు.

హన్మంతు తెడ్డు వేయడం మరిచిపోయాడు.

ఒడ్డు వచ్చింది.

"నీ పేరేంది అవ్వా?"

"పేరుతోటి నీకేం పని? రేపు అడిగేటోడు ఎవరు?"

"భీమసేనాచార్యులు."

"బతికే ఉన్నడా! మంచిదే."

మూట నెత్తికెత్తుకొని ధరూర్ బాట పట్టింది.

మర్నాడు సభ కిక్కిరిసింది. డెబ్బై దాటిన భీమసేనాచార్యులు పుస్తకం తిరగేస్తూ నాలుగైదు మాటలు అడిగి, చివరికి ఒక మాట దగ్గర వేలు పెట్టాడు.

"అనాగతం. చూపించు."

గుండేరావు అరచేతిలో దెబ్బ వేశాడు. ఆగాడు.

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. అతను కదలలేదు. ఇన్నేళ్లు శత్రువనుకున్న నిశ్శబ్దం ఇవాళ తనకు చోటిచ్చి పక్కకు జరిగినట్టుంది.

"ఏటి నడుమ నిలిచితి..."

గొంతు బొంగురుదే. కానీ రావలసిన చోటికే వచ్చింది.

సభ ఒక్కసారి లేచింది. "భళా! భళా!" ఎనిమిది వందల మాటలూ నెగ్గాయి. శాలువ భుజాల మీద పడింది. గుండేరావు జీవితంలో మొదటిసారి ఏమీ మాట్లాడకుండా, తలెత్తి నిలబడ్డాడు.

భీమసేనాచార్యులు మాత్రం చప్పట్లు కొట్టలేదు. మెల్లగా దిగి వచ్చాడు.

"ఆ పాట ఎవరు చెప్పిన్రు నీకు?"

"పుట్టిల ఒక పల్లికాయల అవ్వ."

"ఏ దిక్కు పోయింది?"

"ధరూర్ దిక్కు. నిన్ననే పోయింది."

ముసలాయన కళ్లు మూసుకున్నాడు. తర్వాత సభ వైపు తిరిగి, చివరి వరుసకు కూడా వినబడేలా గొంతెత్తాడు.

"ఇయ్యాల ఈడ గెలిచింది జములమ్మ. ముప్పై ఏండ్ల కింద తను కట్టిన ఈ పాటనే ఇక్కడ పాడితే, తాళం తప్పిందని నడుమల్నే లేపి పంపించిన తొందరగాణ్ని నేనే."