ఐలయ్య కోసం మూడు ఊళ్లు

“నా మొగన్ని యాడ పెట్టిండ్రు సారూ? సంపితే శవమన్న ఇయ్యుండ్రి!”

సూర్యాపేట పోలీసు క్యాంపు ముందు ముత్తమ్మ నేలకు తల బాదుకుంటోంది. పక్కన మనవరాలు సుక్కమ్మ కొంగు నోట్లో కుక్కుకుని వెక్కుతోంది.

సైన్యం వచ్చింది, రజాకార్ల పీడ పోయింది అనుకుని ఊళ్లు ఊపిరి పీల్చుకున్నాయో లేదో, ఈసారి పోలీసులు కమ్యూనిస్టు సంఘపోళ్ల మీద పడ్డారు. సంఘం కుర్రాళ్లకు అన్నం పెట్టాడని మోతె ఊరి ఐలయ్య పేరు కూడా వాళ్ల చెవిన పడింది. దొరికితే ప్రాణానికి పూచీ లేదు. ఆ వారంలోనే ముసలాయన మాయమయ్యాడు.

తల్లి లేని సుక్కమ్మను పెంచింది ఆ తాతే. కబురు వినగానే త్రిపురారంలోని అత్తగారింటి నుంచి పరుగెత్తుకొచ్చింది. కడుపులో ఏదీ దాచుకోలేని పిల్ల. దాని నోట్లో నువ్వుగింజ నానదని తాత తెగ నవ్వేవాడు.

“మేమూ వాడికోసమే చూస్తున్నాం” అని క్యాంపు అధికారి విసుక్కున్నాడు. ఎందుకైనా మంచిదని ఒక జవానును వాళ్ల బండి ఎక్కించాడు.

“రాని సారూ, మంచిదే! మా ఆయన చుట్టాలందర్ని నేనే సూపిస్త” అంది ముత్తమ్మ.

ఐలయ్య వంశమంతా ఆమె నాలుక మీదే ఉంది. అక్క కోదాడలో, చిన్నాయన కొడుకు మిర్యాలగూడలో. ముత్తాతల నాటి తగవులతో సహా దారి పొడుగునా చెప్తూనే ఉంది. పాపం, జవాను ఆవలించి ఆవలించి అలిసిపోయాడు.

కోదాడలో ఐలయ్య అక్క రుక్కమ్మ గడపలోనే కూలబడింది. “ఇక్కడికి రాలేదమ్మా. బతికుంటే నాకు కబురు పెట్టకుండా ఉంటాడా?”

సుక్కమ్మ మళ్లీ ఏడుపు అందుకుంది.

ఇంటికి తిరిగొచ్చాక ముత్తమ్మ కాళ్లయినా కడుక్కోలేదు. తిన్నగా పెరట్లోకి పోయి, నేలలో తవ్విన జొన్నల పాతర చుట్టూ తిరిగింది. సుక్కమ్మకు ఒళ్లు మండిపోయింది.

“తాత కన్న జొన్నల రందే ఎక్కువైందా అవ్వా నీకు? మూత మీద మట్టి గూడ మెత్తలే. పురుగు పడ్తది.”

“మెత్తుదాం తియ్యి బిడ్డా. ముందుగాల ముసలోని సంగతి తేలని.”

మిర్యాలగూడలో చిన్నాయన కొడుకు అచ్చయ్య నీళ్లు నమిలాడు. “వాడపల్లి కాడ ఏట్ల ఓ ముసలాయన శవం తేలిందట వదినా. ఎవలూ రాకపోతే ఊరోళ్లే కాల్చిండ్రట.”

సుక్కమ్మ దుమ్ములో పడి దొర్లింది. “ఒక్క మాటన్న చెప్పకుండ పోతివా తాతా!”

ముత్తమ్మ వీధి వీధంతా వినేలా శోకాలు పెట్టింది. బొట్టు తుడవబోయిన అచ్చయ్య భార్య చేతిని మాత్రం విదిలించి కొట్టింది. “శవాన్ని కండ్ల సూడలే, బొట్టెట్ల తీస్తరే?”

జవానుకూ కళ్లు చెమ్మగిల్లాయి. సూర్యాపేటలో బండి దిగుతూ ముత్తమ్మ వైపు తిరిగాడు. “ఇక మీ ఆయన సంగతి ఖతం అని చెప్తానమ్మా. మీ ఇంటి వైపు ఎవరూ రారు.”

ముత్తమ్మ రెండు చేతులెత్తి దండం పెట్టింది.

మోతె చేరేసరికి పొద్దు గూకుతోంది. ముత్తమ్మ పొయ్యి రాజేసి జొన్నగట్క వండింది. పెద్ద ముంత నిండా ఎత్తింది.

“నాకొద్దవ్వా, ముద్ద దిగదు” అని సుక్కమ్మ గోడవైపు తిరిగి పడుకుంది.

అవ్వ బతిమాలలేదు. ముంత పట్టుకుని పెరట్లోకి నడిచింది. ఇదేం మనిషి అనుకుంటూ సుక్కమ్మ లేచి వెంట వెళ్లింది.

ముత్తమ్మ అటూ ఇటూ చూసి పాతర మూత పక్కకు జరిపింది. ముంతకు తాడు కట్టి మెల్లగా లోపలికి దింపుతూ అంది:

“ఏమయ్యా, మిర్యాలగూడల గూడ నువ్వు దొరకలే, ఇగ నిమ్మళంగ తిను.”