విలోపన చర్య

"గిదేంది బేటీ, గిదేంది?" కుల్సుమ్‌బీ చీర కొంగు పట్టుకుని లబలబలాడింది.

పక్కింటి యాదమ్మ దగ్గర అడిగి తెచ్చుకున్న గద్వాల చీర అది. నిన్న కొత్తకోటల చెల్లెలి బిడ్డ పెండ్లికి కట్టుకపోయింది. సాయంత్రం వాపసు ఇయ్యాలె. మడత పెడదామని చూస్తే లేత గులాబి కొంగు కొసకు బొటనవేలంత పసుప్పచ్చ మరక.

"పెండ్లి బువ్వల దాల్చా పప్పుపులుసు పడ్డట్టుంది అమ్మీ," అన్నది బిడ్డ నిషాత్.

కుల్సుమ్‌బీ పానం ఉసూరుమన్నది. యాదమ్మ ఒక్కనాడు గూడ ఒంటికి చుట్టని చీర. అడిగిందే తడవు పెట్టెలకెల్లి తీసి చేతిల పెట్టింది. అసుంటి మనిషికి ఇప్పుడు ఏం మొఖం చూపియ్యాలె?

నిషాత్ ఎంసెట్ పుస్తకం మూసి, పరేషాన్ కావద్దని ధైర్యం చెప్పింది. కెమిస్ట్రీల సేంద్రియ చర్యలు నాలుగు తీర్లట. కొత్తది వచ్చి చేరితే సంకలనం. ఒకటి లేచినకాడ ఇంకొకటి కూసుంటే ప్రతిక్షేపణం. ఉన్నది బయటికి పోతే విలోపనం. ఉన్నకాడనే అటిటు సర్దుకుంటే పునర్విన్యాసం. మనకు కావాల్సింది విలోపనం అని తేల్చింది. కుల్సుమ్‌బీకి సగం సమజ్ కాలేదు గని, బిడ్డ చదువు మీది నమ్మకంతోని తలకాయ ఊపింది.

సబ్బు పెట్టి రుద్దంగనే మరక నెత్తురు లెక్క ఎర్రబడ్డది.

"పోతదంటివి. పసుపు లేచినకాడ ఎరుపొచ్చి కూసున్నది గదనే. ఇది నువ్వు చెప్పిన రెండోది," అన్నది కుల్సుమ్‌బీ.

నిషాత్ నాలిక కర్సుకుని నిమ్మకాయ పిండింది. ఎరుపు పోయింది, పసుపు మల్లొచ్చింది. ఎక్కడేసిన గొంగడి అక్కడ్నే ఉన్నదని తల్లి గొణిగింది. దాంతోని పిల్లకు పంతం పెరిగింది. రంగు ఉండేది అణువుల జంట బంధాలల్ల, వాటిని తెంపితే పీడ పోతదని, నీళ్ల తొట్టిల వేసే బ్లీచింగ్ పౌడర్ ఇంత కలిపి అద్దింది.

మరక మాయమైంది. దాని చుట్టున్న గులాబి రంగు గూడ మాయమైంది. కొంగుకు అరచెయ్యంత తెల్లమచ్చ తేలింది.

"విలోపనం అయింది అమ్మీ," అన్నది నిషాత్ సన్నగ. కుల్సుమ్‌బీ చీపురుకట్ట కోసం దేవులాడింది.

అది దొరకకముందే యాదమ్మ లోపలికొచ్చింది. ఇంక దాచేదేమున్నది? కుల్సుమ్‌బీ ఏడ్సుకుంటనే చీర ఆమె చేతుల పెట్టింది. పెండ్లిల దాల్చా పడ్డదని, మరక తీయవోయి చీరనే ఖరాబ్ చేస్తిమని, నా పెట్టెల నీకు నచ్చిన చీర తీస్కపొమ్మని చెప్పింది. యాదమ్మ కొంగు దిక్కు చూసింది, తల్లీబిడ్డల దిక్కు చూసింది.

"మరక ఏడ పడ్డదక్కా?"

"గీడ్నే యాదమ్మా, గీ కొసకే. బొటనవేలంత."

యాదమ్మ నెత్తి కొట్టుకుని అరుగు మీద కూలబడ్డది.

"దాల్చా ఏందక్కా? కొత్త చీర గదా, నీకిచ్చేటప్పుడు ఆ కొసకు పసుపు పెట్టింది నేనే."